చెల్లెలి కోసం రెండు గాలిమోటర్లు

నా బతుకులో విమానం ఎక్కింది రెండేసార్లు. రెండుసార్లూ కలకత్తాకే, రెండుసార్లూ నా చెల్లెలి కోసమే. మొదటిసారి ఆమెను జుట్టు పట్టుకుని ఇంటికి ఈడ్చుకురావడానికి పోయాను. రెండోసారి ఆమె కన్ను మూసేలోపు ‘తప్పయింది చెల్లే’ అని ఒక్క మాట అనడానికి పోయాను. రెంటికీ మధ్య ముప్పై మూడేళ్లు గడిచాయి. ఈ కాలంలో విమానాలు ఎంత మారిపోయాయో చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నేను ఒకసారి పిడికిలి బిగించుకుని, ఇంకోసారి మూతి పగిలి కూర్చుని చూశాను కాబట్టి నాకు కనిపించిన మార్పు వేరు.

ముందు నా సంగతి చెప్పాలి. మణుగూరు ఓపెన్‌కాస్ట్ గనిలో షాట్‌ఫైరర్‌గా చేసి పోయినేడు రిటైరయ్యాను. బండలో వేసిన బోర్లలో మందు కూరి, వైర్లు కలిపి, సైరన్ మోగించి, అందరూ దూరం పోయాక పేల్చేవాణ్ణి షాట్‌ఫైరర్ అంటారు. మీట నొక్కితే ఎకరం నేల లేచి కూర్చునేది. అడవి అవతల కోయగూడేల్లో గిన్నెలు గలగలలాడేవి. ఆ పనికి ఓర్పు కావాలి. పని మీద ఉన్నంతసేపు నాకు ఓర్పు ఉండేది. డ్యూటీ దిగాక మాత్రం నా చెయ్యి ముందు పోయేది, నోరు వెనక వచ్చేది. డంపర్ డ్రైవర్‌ని కొట్టాను. క్యాంటీన్‌లో చల్లారిన చాయ ఇచ్చినవాణ్ణి కొట్టాను. మా బామ్మర్దిని వాడి పెళ్లి పందిట్లోనే కొట్టాను. పెళ్లయిన కొత్తలో నా భార్య మీద చెయ్యి లేపితే ఆమె రోకలి అందుకుంది. “నువ్వు దించుతవా, నేను దించాల్నా?” అంది. నేనే దించాను. మళ్లీ లేపలేదు. నా చెల్లెలి దగ్గర రోకలి లేదు.

మా నాయిన ఇల్లెందు బొగ్గుబాయిలో గని పైకప్పు కూలి పోయాడు. ఆయన ఉద్యోగం నాకు వచ్చింది, ఇంటి పెద్దరికం కూడా వచ్చింది. చెల్లెలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. మాది కతోలిక కుటుంబం కాబట్టి ఆమెను ఖమ్మంలో సిస్టరమ్మల హాస్టల్లో పెట్టి చదివించాను. పదో తరగతి అయ్యాక మా క్రూలోనే పనిచేసే దోస్తు తమ్ముడికి ఇస్తానని మాటిచ్చాను. ఆమెను అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. ఆమె నా ముందు నిలబడి, “నేను లగ్గం చేసుకోనన్నా. సిస్టర్ల మఠంల చేరుత” అంది. నేను కంచం విసిరికొట్టాను. ఖమ్మం పోయొస్తానని చెప్పి వెళ్లిన పిల్ల కలకత్తా పోయిందని నెల తర్వాత తెలిసింది.

రెండేళ్లు గడిచినా, అక్కడి తిండికీ నీళ్లకూ ఓర్చుకోలేక తనే వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. ఆమె నుంచి అమ్మకు ఒక ఉత్తరం వచ్చింది. ఆదివారం నాడు తన మాటపట్టు అని రాసింది. ఇక ఈ జన్మకు పెళ్లీ ఇల్లూ వద్దని గుడిలో అందరి ముందూ దేవుడికి మాటిచ్చే పూజ అది. ఆ ఉత్తరం మా చేతికి వచ్చేటప్పటికి గురువారం సాయంత్రమైంది. రైలెక్కితే ఆదివారం మాటపట్టు అయిపోయాక పోయి పడతాను. మా దోస్తు డ్యూటీలో అందరి ముందే, “ఇచ్చిన మాటకు దిక్కులేదు, మీసం దేనికిరా? మగోనివైతే గాలిమోటరెక్కి పోయి తీస్కరా” అన్నాడు. అంతే. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. “గాలిమోటరెక్కి పోయి మరీ కొడ్తవురా పిల్లను?” అంది. పక్కకు నెట్టి పోయాను.

మా కాలనీలో ఒక నమ్మకం ఉంది. బాయిలోకి రోజూ పోయి రోజూ క్షేమంగా తిరిగొచ్చే డ్యూటీ సంచీకి చావు అంటుకోదంటారు. ఎవరికి ఆపరేషన్ అయినా, ఎవరు దూరం పోయినా, పిల్లలు పరీక్షకు పోయినా ఇంట్లోని డ్యూటీ సంచీ వెంట తీసుకుపోతారు. నేనూ నా తోలు సంచీలోనే రెండు జతల బట్టలు కుక్కుకుని బయల్దేరాను. పక్క అరలో మీటకు కలిపే వైరు చుట్ట అట్లాగే ఉండిపోయింది.

అప్పటి విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. మా మణుగూరు బస్టాండు కంటే కాస్త పెద్దది, అంతే. సాగనంపడానికి వచ్చినవాళ్లు పైన నిలబడి చేతులు ఊపేవాళ్లు. టికెట్ అంటే చిన్న పుస్తకం, లోపల ఎర్రటి కార్బన్ వేళ్లకు అంటుకునేది. పోలీసాయన నా ఒళ్లు తడిమి సంచీలో చెయ్యి పెట్టాడు. వైరు చుట్ట బయటకు వచ్చింది. “ఏంటిది?” అన్నాడు. “కరెంటు పని సారూ” అన్నాను. మళ్లీ లోపల పెట్టేశాడు. ఆ రోజు పొద్దున ఆ విమానం ఎక్కినవాళ్లలో ఒక మనిషిని కొట్టడానికి పోతున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. నన్ను ఆపినవాడు లేడు.

ఎండలో నడిచి, నిచ్చెన మెట్లెక్కి లోపలికి పోతే అందరూ పెళ్లికి వచ్చినట్టున్నారు. మగవాళ్లు ఇస్త్రీ కోట్లలో ఉన్నారు, ఆడవాళ్లు పట్టుచీరల్లో ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఒకామె పళ్లెంలో చాక్లెట్లూ దూదీ పట్టుకుని వచ్చింది. చప్పరిస్తూ దూది చెవుల్లో పెట్టుకుంటే నొప్పి ఉండదంది. నాకు దూది పెట్టుకోవడం నామోషీ అనిపించింది. బోర్లు పేల్చే చెవులివి, నన్నేం చేస్తుంది అనుకున్నాను. విమానం లేస్తుంటే ఇంజన్ల మోత మా డంపర్లు పది ఒక్కసారి ఎత్తు ఎక్కుతున్నట్టు వినిపించింది. సీటు గజగజ వణికింది, తల మీది అరల మూతలు టకటకలాడాయి. పక్కన పెద్దమనిషి కళ్లు మూసుకుని విష్ణునామం పట్టుకున్నాడు. నేను మా పరలోక జపం మొదలుపెట్టి, పాపాలు మాఫీ చేయమనే ‘మా అప్పులను క్షమించుము’ దగ్గరికి వచ్చి ఆపేశాను. దిగేటప్పుడు చెవుల్లో సూదులు పొడిచినట్టయింది. చెయ్యి అడ్డం పెట్టుకుని పళ్లు కొరుక్కున్నాను.

సీటు చెయ్యిలో బూడిద డబ్బా ఉంది కానీ కాల్చొద్దని పైన బోర్డు వెలిగింది. బీడీ తీసి లోపల పెట్టుకున్నాను. భోజనం పింగాణీ ప్లేట్లలో పెట్టారు. టికెట్ కొన్న ప్రతివాడికీ, నాలాంటి బాయి మనిషికి కూడా, కోడికూర, తెల్ల గుడ్డ, స్టీలు చాకు పెట్టి ‘తీసుకోండి సార్’ అన్నారు. మా నాయినను కూడా ఎవరూ సార్ అనలేదు. భోజనమయ్యాక ఆ చాకును తుడిచి ప్యాంటు జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అబద్ధం. బెదిరించడానికి. బెదిరితే చాలు, లేకపోతే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

మఠంలో వచ్చినవాళ్లు కూర్చునే గదిలో కూర్చోబెట్టారు. ఆమె తెల్లచీరలో పరిగెత్తుకుంటూ వచ్చింది. “అన్నా! వచ్చినవా! అమ్మ రాలేదా?” అంది. మాటపట్టు చూడటానికి వచ్చాననుకుంది. ఆ సంతోషం చూసి నాకు ఇంకా మండింది.

“నడువ్ ఇంటికి” అన్నాను.

“రేపు పూజ ఉందన్నా. ఉండి చూసి పో.”

జుట్టు పట్టుకున్నాను. చెంప మీద కొట్టాను. ఆమె అరవలేదు, బల్ల కాలు పట్టుకుని కూర్చుంది. ఆ వేళ్లు విడిపించడానికి మళ్లీ కొట్టాను. వదల్లేదు. మూడోది అరచేయి కాదు, పిడికిలి. ఎడమ చెవి మీద పడింది. తల పోయి బల్ల అంచుకు తగిలింది. చెవిలోంచి సన్నటి రక్తం మెడ మీదికి కారి తెల్లచీరకు అంటుకుంది. అడ్డం వచ్చిన ముసలి సిస్టరును గోడకేసి నెట్టాను. ఆ పెనుగులాటలో జేబులోంచి విమానం చాకు కింద పడింది. దాన్ని చూడగానే గదిలో కేకలు లేచాయి. ఎక్కడి నుంచి వచ్చారో తోటమాలీ ఇంకో ఇద్దరూ వచ్చి, పార కట్టెలతో నా వీపు చీరి గేటు బయట పడేశారు. ఆమె అప్పటికీ బల్ల కాలు వదల్లేదు.

తెల్లారి చెవికి కట్టుతోనే మాటపట్టు తీసుకుందట. పోలీసులు వస్తే పడ్డానని చెప్పిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నేను రైలెక్కి ఇల్లు చేరాను. నా వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి, అమ్మ వాటి వంక చూసింది. “నీ చెయ్యి ఇరిగిపోను” అంది. చనిపోయేదాకా నా చేత్తో ఇచ్చిన నీళ్లు తాగలేదు.

అమ్మ పోయినప్పుడు చెల్లెలు వచ్చింది. ఆమె బస్సు దిగిందని తెలియగానే నేను వెనక తోవన అడవిలోకి పోయాను. సమాధి దగ్గర అందరి వెనకాల, చెట్టు చాటున నిలబడ్డాను. బాయిలో నా పేరు చెబితే ఉచ్చ పోసుకునేవాళ్లు ఉన్నారు. అట్లాంటివాణ్ణి ఒక బక్క సిస్టరమ్మకు మొహం చూపలేక చెట్టు పట్టుకున్నాను. ఆమె పోయాక నా భార్య చెప్పింది: “నీ చెల్లెకు ఒక చెవు ఇనపడదు. ఎప్పటిసంది అంటే నవ్వి ఊకున్నది. నీకు తెల్సా ఏమన్న?” నేను అన్నం కలుపుకుంటున్నాను. కలుపుతూనే ఉన్నాను. క్షమించమని అడగాలని ఆ రోజు నుంచే ఉంది. ప్రతి క్రిస్మస్‌కు ఆమె ఉత్తరం వచ్చేది, ప్రతిసారీ ఈసారి జవాబు రాస్తాననుకునేవాణ్ణి. పిరికి మనిషికి ముహూర్తం కుదరదు.

పోయిన వర్షాకాలంలో ఫోన్ వచ్చింది. కలకత్తా మఠంలో ఉండే గుంటూరు వైపు సిస్టరు. “అన్నయ్యగారూ, సిస్టర్‌గారికి బొత్తిగా బాగోలేదండీ. లివర్ పాడైపోయింది. ఫాదర్‌గారు వచ్చి ఆఖరి నూనె పూత, అభ్యంగనం కూడా ఇచ్చేశారండీ. రేపో ఎల్లుండో అన్నట్టుంది. మా అన్నొస్తాడా అని అడుగుతున్నారు.”

నా బిడ్డ అక్కడికక్కడే ఫోన్‌లో టికెట్ చేసింది. కూర్చునే సీటు కూడా అందులోనే బొమ్మ చూసి పెట్టింది. నా భార్య అటక మీది నుంచి డ్యూటీ సంచీ దించి దుమ్ము దులిపింది. “ఇదే పట్కపో. మంచిగ తిరిగొస్తవ్” అంది. వద్దని నాకూ తోచలేదు. ఆమె రోజూ అన్నం గిన్నె పెట్టి పంపిన సంచీ, నన్ను బతికించి ఇంటికి తెచ్చిన సంచీ. రాత్రి బస్సులో బయల్దేరి పొద్దుటికల్లా శంషాబాద్ చేరాను.

అది విమానాశ్రయం కాదు, ఊరు. ఎటు చూసినా అద్దాలు, కొట్లు. గేటు దగ్గర నా మొహాన్ని కెమెరా చూసి తలుపు తీసింది. మణుగూరులో సగం మందికి నా మొహం చూస్తే తలుపు వేసుకునే అలవాటు, ఇదేమో తీస్తోంది అని నవ్వుకున్నాను. లోపలికి పోయాక బెల్టు తీయమన్నారు, చెప్పులు తీయమన్నారు. మీసాలు కత్తిరించుకునే చిన్న కత్తెర సంచీలో ఉంటే తీసి డబ్బాలో పడేశారు. మామిడికాయ తొక్కు సీసా కూడా పడేశారు. ఒకప్పుడు చేతికి చాకు ఇచ్చి సార్ అన్నవాళ్లు, ఇప్పుడు తొక్కుకు భయపడుతున్నారు. అదీ ఓర్చుకున్నాను.

అప్పుడు ఒక కుర్రగార్డు చిన్న గుడ్డపేలిక లాంటిది నా సంచీ మీద, లోపల కుట్ల వెంట రాసి ఒక మిషన్‌లో పెట్టాడు. మిషన్ కూత పెట్టింది. మళ్లీ రాశాడు. మళ్లీ కూత. చుట్టూ జనం వెనక్కి జరిగారు.

“ఇందులో ఏం మోశావ్?” అని హిందీలో అడిగాడు.

ఏ బాయి మనిషైనా చేసే తప్పే నేనూ చేశాను. ఉన్నదున్నట్టు, గర్వంగా చెప్పాను. నాకొచ్చిన బాయి హిందీలో ఛాతీ విరుచుకుని, “ముప్పై ఏళ్లకు పైనే మందు మోశాను. నా అంత పేల్చినవాడు మా దగ్గర ఇంకొకడు లేడు” అన్నాను.

వాడు నా కాలర్ పట్టుకున్నాడు. వాడి తప్పు లేదు, ఇప్పుడు చెబుతున్నాను. కానీ మా దగ్గర కాలర్ పట్టుకోవడమంటే రా తేల్చుకుందామని పిలవడమే. చెల్లెలు అక్కడ ఊపిరి లెక్కపెట్టుకుంటోంది, వీడు నా కాలర్ పట్టాడు. నా చెయ్యి దానంతట అదే పోయింది. గురి తప్పి వాడి భుజం మీద పడింది. అంతే, నలుగురు నా మీద పడ్డారు. నా మొహం నేలకు కొట్టుకుంది. ఒక పన్ను సగం విరిగి నాలుక మీదికి వచ్చింది. వీపు మీద మోకాలు, మెడ మీద బూటు. చెయ్యి వెనక్కి విరిచితే భుజం కీలు కటుక్కుమంది. అంత నున్నటి నేల మీద నా రక్తం పాకుతుంటే, గాజు గోడ అవతల నా విమానం వెనక్కి జరగడం వాళ్ల కాళ్ల సందులోంచి చూశాను. “మా చెల్లె సచ్చిపోతున్నదిరా! ఆపుండ్రిరా!” అని అరిచాను. తెలుగులో అరిచాను. ఆ గార్డుల్లో ఎవడికి అర్థమవుతుంది?

ఒక గదిలో కూర్చోబెట్టారు. తెలుగాయన, పెద్ద ఆఫీసరు వచ్చాడు. నా గని గుర్తింపు కార్డు చూశాడు, మా పాత మేనేజరుతో ఫోన్‌లో మాట్లాడాడు, సంచీ కుట్లు విప్పి చూపించాడు. తోలులో మందు పొడి ముప్పై ఏళ్లకు పైగా ఇంకిపోయి ఉంది. “పెద్దాయనా, కడిగినా పోదిది. ఈ సంచీతో విమానాశ్రయానికి ఎవరన్నా వస్తరా?” అన్నాడు.

“మంచి జరుగుతదని తెచ్చిన సారూ” అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు.

గార్డు మీద చెయ్యి చేసుకున్నందుకు కేసు రాశారు. అది ఇంకా నడుస్తోంది. సంచీ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. విమానం కంపెనీవాళ్లు నన్ను ఎక్కించుకునేది లేదన్నారు. ఆ ఆఫీసరే వాళ్లతో పోట్లాడి మధ్యాహ్నం విమానానికి ఒప్పించాడు. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి మెల్లగా, “దిగేదాక చేతులు మీవి కాదనుకోండి” అన్నాడు. బట్టలు ప్లాస్టిక్ కవర్లో వేసుకుని ఎక్కాను.

ఇప్పుడు ఎండలో నడవడం లేదు, మెట్లు లేవు. గొట్టంలాంటి దారిలోంచి నేరుగా సీటుకే. అందరూ చెడ్డీల్లో, ఇంటి చెప్పుల్లో ఉన్నారు. విమానం లేస్తుంటే నేను అలవాటుగా సీటు పట్టుకున్నాను. ఏమీ లేదు. వణుకు లేదు, మోత లేదు, పక్కవాళ్లు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. కిటికీలోంచి చూస్తే రెక్క చివర పైకి మడిచి ఉంది. ఎక్కడో గుద్దుకుందేమో అని వేలు పెట్టి చూపించాను. పక్క సీటులో కూర్చున్న, ఉద్యోగం చేసే అమ్మాయి నవ్వి, “గుద్దలేదు అంకుల్, గట్లనే చేస్తరు ఇప్పుడు. ఆయిల్ తక్కువ తాగుతదంట” అంది. చెవులు కూడా పెద్దగా నొయ్యలేదు. దూది ఇస్తారేమో అని ఎదురుచూశాను. నవ్వులాటకు కాదు, ఈసారి పెట్టుకుందామనే. మంచినీళ్ల సీసా తప్ప ఊరికే ఏమీ ఇవ్వలేదు. సార్ అన్న పిలుపు మాత్రం అట్లాగే ఉంది, అందులోని పలుకే మారింది.

యంత్రం ఇంత మెత్తబడితే మనుషులు ఎంత నెమ్మదిగా ఉండాలి? మా వెనక వరసలో యుద్ధం మొదలైంది. ముందువాడు సీటు వెనక్కి వాల్చాడట, వెనకవాడి మోకాళ్లకు తగిలిందట. ఆ సీట్లు పలకల్లా సన్నగా ఉన్నాయి, మనిషికీ మనిషికీ మధ్య జానెడు కూడా లేదు. మొదట ఇంగ్లీషులో తిట్టుకున్నారు, తర్వాత తల్లుల దగ్గరికి పోయారు. ఒకడు లేచి ఇంకొకడి మొహం మీద గుద్దాడు. కళ్లద్దాలు ఎగిరి నా ఒళ్లో పడ్డాయి. నడవాలో కలబడి దొర్లుతూ వచ్చారు. ఆపడానికి వచ్చిన ఎయిర్‌హోస్టెస్ పిల్ల పొట్టలో మోచెయ్యి తగిలి ఆమె సీటు మీద పడిపోయింది. వాళ్లలో ఒకడి మోచెయ్యి నేరుగా వచ్చి, పొద్దున పగిలిన నా మూతి మీద దిగింది. మళ్లీ రక్తం. చుట్టూ నలభై ఫోన్లు లేచి వీడియో తీస్తున్నాయి.

వాడి మెడ నా చేతికి అందే దూరంలో ఉంది. ఒక్కటి చాలు. నా చేతులు రెండూ తీసి తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. మళ్లీ పట్టుకుంటారు, మళ్లీ గది, మళ్లీ ఫోన్లు, అంతలో ఆమె పోతుంది. రక్తం మింగుతూ కుక్కిన పేనులా కూర్చున్నాను. మొదటిసారి ఎక్కినప్పుడు ఆకాశంలో ఎగురుతున్నామన్న భయంతో అందరూ దేవుళ్లను తలుచుకున్నారు, ఒక్క నాలోనే హింస ఉంది. ఇప్పుడు ఆకాశమంటే ఎవరికీ భయం లేదు. పది నిమిషాలు ఆలస్యమైందని, మోకాలు తగిలిందని గొంతులు పట్టుకుంటున్నారు. దిగగానే పోలీసులు వచ్చి వాళ్లిద్దరినీ తీసుకుపోయారు. మిగిలినవాళ్లు తలుపు తెరవకముందే సంచుల కోసం లేచి ఒకర్నొకరు తోసుకున్నారు.

పొద్దు వాలేలోపు మఠానికి చేరాను. గుంటూరు సిస్టరు గేటు దగ్గరే ఉంది. “ఉన్నారండీ, ఇంకా ఉన్నారు, రండి” అంది. గది చిన్నది, మంచం గోడకు ఆనించి ఉంది. దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నట్టుంది. గోడ వైపు తిరిగి పడుకుంది. “రెండ్రోజుల నుంచి గ్లాసు కూడా ఎత్తలేకపోతున్నారండీ” అని సిస్టరు మెల్లగా చెప్పి బయటకు పోయింది.

మోకాళ్ల మీద కూర్చున్నాను. బస్సులో, విమానంలో, విమానాశ్రయం నేల మీద కూడా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ చెప్పేశాను. “చెల్లే, తప్పయింది. నీ మీద చెయ్యేసిన, నా చెయ్యి పడిపోను. ఒక్కసారి సూడు చెల్లే.” ఆమె కదల్లేదు. ఏడుస్తూ అంతా మళ్లీ చెప్పాను. అప్పుడు తట్టింది. నాకు పైకి కనిపిస్తున్నది ఎడమ చెవి. కుడి చెవి దిండులో ఉంది. నేను ముప్పై మూడేళ్లు దాచుకున్నదంతా నేనే పగలగొట్టిన చెవిలో పోశాను.

మొహం ఇటు తిప్పుదామని చెయ్యి చాపాను. నీడ పడిందేమో, ఆమె కళ్లు తెరిచింది. నా చెయ్యి చూసింది.

గ్లాసు ఎత్తలేని మనిషి రెండు చేతులూ ఎత్తి తల కప్పుకుంది. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని గోడకు అంటుకుపోయింది. చేతికున్న సెలైన్ సూది ఊడి దుప్పటి మీద రక్తం చిమ్మింది. గొంతులోంచి చిన్నపిల్ల ఏడుపు లాంటి చప్పుడు వచ్చింది. సిస్టరు పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను వెనక్కి వెనక్కి పోయి ఎదురు గోడకు ఆనుకున్నాను, చేతులు వీపు వెనక కట్టుకుని.

“సిస్టర్, మీ అన్నయ్యగారండీ, మీ అన్నయ్య” అని ఆమె కుడి చెవిలో చెప్పింది. చాలాసేపటికి చేతులు దించింది. నన్ను చూసింది. మొహం నిండా సిగ్గు. ఆమెకు సిగ్గు!

“అన్నా... ఏమనుకోకు. నేనెప్పుడో మాఫ్ చేసిన. ఈ ఒంటికే తెల్వదు” అంది.

ఆమె నా మూతి వంక చూస్తోంది.

“ఎవలు కొట్టిండ్రే నిన్ను?”

“ఎవలు కొట్టలే. పడ్డ” అన్నాను.

“నేను గూడ గదే చెప్పిన” అంది.

నాలుగు రోజులు బతికింది. ఆ నాలుగు రోజులూ మంచాన్ని గోడ నుంచి జరిపించి, ఆమె కుడి చెవి వైపు కుర్చీ వేసుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ సంగతులు చెప్పాను, నా బిడ్డ సంగతులు చెప్పాను. నీళ్లు అడిగితే సిస్టరును పిలిచాను. ఐదో రోజు పొద్దున పోయింది. పెట్టె మోయడానికి మనుషులు కావాలంటే ముందు వైపు నేను పట్టాను. బరువే లేదు. మట్టి ఇచ్చే ముందు మూత తీసి, చివరిసారి చూసుకోమన్నారు. అందరూ పక్కకు జరిగాక నేను చెయ్యి చాపి ఆమె ఎడమ చెవి మీద పెట్టాను. ఈసారి ఆమె ముడుచుకోలేదు.